జెముడుకూ పురుగు పడుతుంది చెల్లీ

చెల్లీ, ముళ్ల మొక్కకు పురుగేందక్కా అని తేలిగ్గా తీసేసే వాళ్లు మన చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. అట్లా తీసెయ్యకమ్మా. మేక మూతి పెట్టదు, ఎండ ఏమీ చెయ్యలేదు, ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే మన అనంతపురం జిల్లాలో నిక్షేపంగా బతుకుతుంది, నిజమే. కానీ ఆ ముళ్ల వెనక ఉన్నదంతా నీళ్లూ జిగురే. మూతి గుచ్చి రసం పీల్చే పురుగుకు ముల్లు అడ్డం కాదు. పైగా ముల్లే దానికి కాపలా. పిట్ట పొడవలేదు, మన చెయ్యి దూరదు.

మన విడపనకల్లులో ఇప్పుడు ఏ మిద్దె ఎక్కినా నాలుగు ముళ్ల కుండీలు కనిపిస్తున్నాయి. బళ్ళారికి పెళ్లి బట్టలకు పోయినప్పుడు కొన్నది ఒకటి, గుంతకల్లులో బేరమాడి తెచ్చింది ఒకటి, బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్లోడు పండక్కి తెచ్చింది ఇంకొకటి. బిందెలు వరస పెట్టి నీళ్లు పట్టుకునే వీధుల్లో గులాబీలు పెంచమంటే ఎట్లా పెంచుతాం? జెముడే మనకు తగిన మొక్క. మన నీళ్ల కష్టం తెలిసిన ఆడది ఎంచుకునే మొక్క. అందుకే అది పురుగు పట్టి వడిలిపోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఎక్కువ ఇళ్లలో జరిగేది ఇది. ముళ్ల మధ్య తెల్లగా ఏదో కనిపిస్తుంది. కొందరు బూజనుకుంటారు, కొందరు మొగ్గ వేస్తోందనుకుంటారు. రెండు నెలలు గడుస్తాయి. అప్పటికి మొక్క సగం ముడుచుకుపోతుంది. అప్పుడు కంగారుపడి, మిరప చేనికి కొట్టగా మిగిలిన మందు డబ్బా అటక మీంచి దించి, అందాజుగా కలిపి కొట్టేస్తారు. చేను వేరు, మిద్దె వేరు చెల్లీ. ఆ మిద్దె మీదే వడియాలు పెడతాం, అక్కడే పసిపిల్లలు పడుకుంటారు. ముందు ఆ పురుగేదో తెలుసుకుంటే డబ్బాతో పనే ఉండదు. నేను ఈసారి ముచ్చట మొదలుపెట్టింది ఈ ఒక్క మాట చెప్పడానికే.

మొట్టమొదట నీ కుండీలో ఉన్నది నిజంగా కాక్టసేనా చూసుకో. చివర చిన్న ముక్క గిల్లితే తెల్లగా పాలు కారిందంటే చాలావరకు అది కాక్టస్ కాదు, బొమ్మజెముడు జాతి. ఆ పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం, చెయ్యి వెంటనే కడుక్కో. అసలైన కాక్టస్‌లన్నీ, ఒక్క జాతిని మినహాయిస్తే, అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. మన చేని గట్ల మీద, వంకల పక్కన తరతరాలుగా ఉన్నట్టు కనిపించే నాగజెముడు కూడా అక్కణ్నుంచి ఓడలెక్కి వచ్చిందే. ఈ తేడా ఎందుకు పట్టించుకోవాలంటే, కొన్ని పురుగులు పాలు కారే జెముళ్ల జోలికి వెళ్లవు, కాక్టస్ మీదే బతుకుతాయి.

ఇప్పుడు ఆ తెల్లటిదాని సంగతికి వద్దాం. ఒక అగ్గిపుల్ల తీసుకుని దాన్ని కొంచెం తీసి తెల్ల కాగితం మీద పెట్టు. అగ్గిపుల్ల వెనక కొసతో నొక్కు. పసుపు పచ్చగానో, లేత గులాబీగానో, నీళ్లగానో తడి కనిపిస్తే అది పిండినల్లి. పారాణి పెట్టినట్టు ముదురు ఎరుపు పరుచుకుందంటే అది కోచినీల్ పురుగు. చూడ్డానికి రెండూ తెల్లదూదిలోనే ఉంటాయి, దగ్గర చుట్టాలు కూడా. కానీ పిండినల్లి కదులుతుంది, చిన్న కాళ్లతో మెల్లగా ముళ్ల మధ్య తిరుగుతుంది. కోచినీల్ ఆడపురుగు ఒకసారి మూతి గుచ్చిందంటే చచ్చేదాకా అక్కడే. పిండినల్లి నీ మందారాన్నీ, జామనీ, పాలు కారే జెముడునూ దేన్నీ వదలదు. కోచినీల్‌కు కాక్టసే కావాలి, అందులోనూ మట్టలు మట్టలుగా పెరిగే నాగజెముడు జాతి అంటే ప్రాణం.

తొలకరికి చేలల్లో మఖమల్ ఒళ్లుతో కనిపించే ఆరుద్ర పురుగు కాదమ్మా ఇది. అది ఎవరికీ హాని చెయ్యని జీవి, దాన్ని చంపొద్దు. అట్లాగే జెముడు పండు తిన్నప్పుడు నోరంతా అయ్యే ఎరుపుకూ, ఈ పురుగు ఎరుపుకూ సంబంధం లేదు. పండు రంగు బీట్‌రూట్‌లో ఉండే జాతిది. పురుగు రంగు కార్మినిక్ ఆమ్లం. చీమలూ, వేరే పురుగులూ తనను తినకుండా అది ఒంట్లో తయారు చేసుకునే విషం లాంటి రక్షణ. మనుషులేమో దాన్ని ఎండబెట్టి, నూరి, బట్టలకు అద్దుకున్నారు. ఇప్పటికీ విదేశాల్లో లిప్‌స్టిక్కుల్లో, మిఠాయిల్లో కార్మైన్ పేరుతో ఉండే ఎరుపు ఇదే. ఒక పౌండు రంగుకు 70 వేల పురుగుల దాకా కావాలని లెక్క.

ఆ ఎరుపు కోసమే ఈ పురుగు మన దేశానికి వచ్చింది చెల్లీ. ఇది మన నేల కథ, చెప్పకుండా ముందుకు పోలేను. మెక్సికోలో పెంచిన మేలి రకం కోచినీల్ స్పెయిన్ చేతిలో ఉండేది. దొరల సైన్యంలో అధికారుల ఎర్రకోట్లకు అది కావాలి. స్పెయిన్‌కు డబ్బు పోయడం ఇష్టంలేక ఈస్టిండియా కంపెనీ ఇక్కడే పెంచాలనుకుంది. మద్రాసులో జేమ్స్ ఆండర్సన్ అనే డాక్టరు 1786లో, ఇక్కడి గడ్డి మీదే కోచినీల్ లాంటి పురుగు చూశానంటూ ఉత్తరాలు రాశాడు. అది కాదని తేలింది. అయినా వదల్లేదు. సైదాపేటలో జెముడు తోట వేశారు. అసలు పురుగు తెచ్చినవాళ్లకు రెండువేల పౌన్ల బహుమానం అన్నారు. 1795లో నీల్సన్ అనే కెప్టెన్ బ్రెజిల్ నుంచి పురుగు పట్టిన మట్టలు కలకత్తాకు తెచ్చాడు. కానీ అది మేలి రకం కాదు, అడవి రకం. రంగు తక్కువ, తిండి ఎక్కువ.

రంగు వ్యాపారం మూలపడింది. పురుగు మాత్రం వదిలిన చోట వదిలినట్టు నాగజెముడును తినడం మొదలుపెట్టింది. పొలాల్నీ, దార్లనీ ఆక్రమించి రైతును ఏడిపిస్తున్న ఒక రకం జెముడు దాని దెబ్బకు ఉత్తరాదిన మాయమైపోయింది. అది చూసి 1836-38 ప్రాంతంలో దాన్ని దక్షిణాదికి కావాలనే తెచ్చి వదిలారు. కలుపు మొక్క మీదికి పురుగును ఉసిగొల్పి గెలవడం ప్రపంచంలోనే అది మొదటిసారి అని శాస్త్రజ్ఞులు చెబుతారు. అప్పటికి అనంతపురం వేరే జిల్లా కూడా కాదు. 1882 దాకా మనమంతా బళ్ళారి జిల్లావాళ్లమే.

కానీ ఇంకో రకం నాగజెముడు మిగిలిపోయింది. పసుపుపచ్చ పూలు, మొరటు ముళ్లు, ఊరి చుట్టూ కంచెగా వేస్తే ఊరినే మింగేసేంత మొండిది. ఆ మొదటి పురుగుకు అది రుచించలేదు. 1926లో సింహళం నుంచి మరో కోచినీల్ రకాన్ని తెచ్చి దాని మీద వదిలారు. ఐదారేళ్లు తిరక్కుండా దక్షిణాదిన ఎకరాలకు ఎకరాల ముళ్ల అడవి కుళ్లి కూలిపోయింది. అదే రోజుల్లో ఆస్ట్రేలియావాళ్లు అర్జెంటీనా నుంచి ఒక సీతాకోకచిలుకను పోలిన రెక్కల పురుగును తెచ్చి వాళ్ల జెముడు మీద వదిలారు. అది చేసిన మేలుకు గుర్తుగా క్వీన్స్‌లాండ్‌లోని బూనార్గా ఊళ్లో 1936లో కట్టిన సభామందిరానికి ఆ పురుగు పేరే పెట్టుకున్నారు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, నీ మిద్దె మీద ఎర్రరంగు కక్కే ఆ పురుగు దిక్కులేక వచ్చింది కాదు. దొడ్డి కంచెలో, వంక గట్టున, పాడుపడిన కళ్లం పక్కన ఎక్కడో ఒక మట్ట మీద అది ఉంటూనే ఉంది. పిల్ల పురుగుల ఒంటి మీద సన్నటి మైనపు పోగులుంటాయి, గాలికి ఎగిరి వచ్చేస్తాయి. మన ఆషాఢం గాలి సంగతి నీకు చెప్పాలా? అయినా కంచెలో ఉన్నదాన్ని నేను ముట్టుకోను. అక్కడ అది చేసేది రైతు పని. కుండీలో ఉన్నదాన్ని మాత్రం ఒక్కటి కూడా ఉండనివ్వను. గట్టు మీది మట్టను అందంగా ఉందని విరిచి తెచ్చి కుండీలో నాటే ముందు తిప్పి తిప్పి చూడు. ముల్లు మొదళ్లలో చుక్కంత తెలుపున్నా తేకు.

వైద్యం చెబుతాను, విను. కోచినీల్ ఒకటి రెండు మట్టలకే ఉంటే ఆ మట్టలను కీలు దగ్గర కోసెయ్. సంచిలో వేసి మూతి కట్టి, ఎండిన తర్వాత కాల్చెయ్. దిబ్బ మీద పారేస్తే అక్కడే వేళ్లు దిగి మళ్లీ మొలుస్తుంది, పురుగూ దానితోపాటే. మిగిలిన మొక్కను వంచి పట్టుకుని గట్టి నీళ్ల ధారతో కొట్టు. ఆ తెల్లదూది అంతా మైనం. నీళ్లు జారిపోయేలా అది కప్పుకున్న దుప్పటి. మందు దాని మీద పడినా లోపలికి పోదు. అందుకే మందు కొట్టినా చావలేదక్కా అని మొత్తుకుంటారు అందరూ. దుప్పటి తీసి కొట్టాలి. పాత టూత్‌బ్రష్షు సబ్బు నీళ్లలో ముంచి, ముల్లు మొలిచిన గుంటల్లో తోము. కాగితం మీద పడిన ఎరుపు చీరకు అంటితే వదలదు, పాత చీర కట్టుకుని కూర్చో.

పిండినల్లికి ఇంకా తేలిక మార్గం ఉంది. మందుల షాపులో ఇంజక్షను ముందు తుడిచే స్పిరిట్టు దొరుకుతుంది. చెవుల పుల్లకు తడిపి, ఒక్కో పురుగును ముట్టించు. మైనం కరిగి లోపలి ఒళ్లు గోధుమరంగుకు తిరుగుతుంది. అదే చచ్చిందన్న గుర్తు. సాయంత్రం చెయ్యి, పొయ్యి దగ్గర చెయ్యకు. తెల్లారి మొక్కను మంచి నీళ్లతో కడిగెయ్. ఒళ్లంతా నీలపు బూడిద పూసినట్టుండే జాతులుంటాయి చూడు, వాటికి స్పిరిట్టు తగిలితే ఆ పూత పోయి మచ్చ మిగిలిపోతుంది. ముందు ఒక మూల పెట్టి రెండు రోజులు చూసి ముందుకు పో.

పురుగులు లెక్కకు మించి ఉంటే వేపనూనె. లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్లు. నూనె నీళ్లలో కలవదు కాబట్టి ముందు నూనెలో నాలుగు చుక్కల సబ్బు ద్రావణమో చిక్కటి కుంకుడు రసమో వేసి గిలక్కొట్టి, అప్పుడు నీళ్లు పొయ్యి. నూనె కొనలేకపోతే మన వేపచెట్టు కింద ఏరిన గింజలున్నాయి. యాభై గ్రాముల గింజల పొడిని పల్చటి బట్టలో మూట కట్టి లీటరు నీళ్లలో రాత్రంతా ఉంచి, తెల్లారి పిండి వడకట్టుకో. చేనికి కొట్టే ఐదు శాతం కషాయం ఇదే కొలత. ఆ రోజే వాడాలి, నిలవ పెట్టకూడదు. ఏది కొట్టినా పొద్దు వాలాకే. నూనె పడిన ఒంటి మీద మన చైత్రం ఎండ తగిలితే జెముడు కాలిపోతుంది. ఆ మచ్చ జన్మలో పోదు, ఎందుకంటే రాలిపోవడానికి దానికి ఆకులు లేవు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. కాక్టస్ రంధ్రాలు పగలు మూసుకుని రాత్రి తెరుచుకుంటాయి, నీళ్లు ఆవిరి కాకుండా అది చేసుకున్న ఏర్పాటు. రాత్రికల్లా ఒళ్లంతా నూనె ముద్దగా ఉంటే దానికి ఊపిరాడదు. పల్చగా కొట్టు, కారేలా కొట్టకు.

ఒకసారి కొట్టి వదిలేస్తే మాత్రం చేసిందంతా వృథా. పిండినల్లి ఆడది దూది సంచిలో వందల గుడ్లు పెట్టి చస్తుంది. నువ్వు తల్లిని చంపినా సంచిలో గుడ్లు మిగులుతాయి. వారం పది రోజుల్లో పొదిగి, కంటికి ఆనని లేత పిల్లలు పాకుతాయి. వాటి ఒంటి మీద ఇంకా మైనం ఉండదు. కొట్టాల్సింది అప్పుడే. వారానికొకసారి చొప్పున నాలుగు వారాలు విడవకుండా చెయ్యి. వారం గుర్తుండాలంటే ఏదో ఒక రోజు నియమం పెట్టుకో. శనివారం తలంటు పోసుకునే వాళ్లుంటారు కదా, ఆ కుంకుడు రసంలోనే ఒక గ్లాసు మొక్కకు తీసి ఉంచొచ్చు.

చీమల మాట మర్చిపోతే పని సగమే. ముళ్ల కుండీ మీదికి చీమలు బారులు కట్టాయంటే వాటికి అక్కడేదో తియ్యటిది దొరుకుతోందన్న మాట. పిండినల్లి తాగిన రసంలో మిగిలిన తీపిని వెనకనుంచి వదులుతుంది. చీమలు దాన్ని నాకి, బదులుగా పురుగులకు కాపలా కాస్తాయి. అక్షింతల పురుగు తినడానికి వస్తే తరిమేస్తాయి. ఆ తీపి మీదే నల్లటి మసి బూజు పడుతుంది. అందుకే కుండీని నీళ్లు పోసిన పళ్లెంలో ఇటుక పెట్టి దాని మీద నిలబెట్టు. చీమ దాటలేదు. పళ్లెంలో నీళ్లు కుండీ అడుక్కు తగలకూడదు, దోమలు పెట్టకుండా రెండు రోజులకోసారి మార్చు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. తెల్లగా, పిండినల్లి కంటే మూడు నాలుగు రెట్లు పెద్దగా, ఒంటినిండా పీలికలు వేలాడుతూ చకచకా పరుగెత్తేది ఒకటి కనిపిస్తే చేతులు కట్టుకుని కూర్చో. అది క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్ల. పిండినల్లులను తినడానికే పుట్టింది. 1898లో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చారు, ఇప్పుడు తోటల రైతుల కోసం ప్రయోగశాలల్లో పెంచి ఇస్తున్నారు కూడా. వేషం పిండినల్లిదే. నిదానంగా కదిలితే శత్రువు, పరుగెత్తితే మిత్రుడు.

పైన ఏ పురుగూ లేదు, నీళ్లు సరిగ్గానే ఉన్నాయి, అయినా మొక్క నెలల తరబడి ఎదగదు, ముడుచుకుంటోంది అంటే నా అనుమానం వేళ్ల మీద. కుండీలోంచి మట్టి గడ్డతో సహా బయటికి లాగి చూడు. వేళ్ల మీద, కుండీ లోపలి గోడకు సున్నం చల్లినట్టు తెల్లటి పొడి మచ్చలుంటే అది వేరు పిండినల్లి. దీన్ని పైనుంచి ఏది పోసినా చంపడం కష్టం. పాత మట్టంతా దులిపేసి, వేళ్లను ధారాళంగా నీళ్లతో కడిగి, ఎండిన వేళ్లు కత్తిరించి, నీడలో వారం పది రోజులు ఆరబెట్టు. చస్తుందేమోనని భయపడకు. నెల రోజులు మట్టి లేకుండా బతకగల మొక్క అది. కుండీని వేడినీళ్లతో కడిగి ఎండలో పెట్టు. పాత మట్టి మళ్లీ కావాలంటే, తడిపి, అద్దంలా అవతలికి కనపడే ప్లాస్టిక్ పట్ట కప్పి అంచులు బిగించి, ఏప్రిల్, మే నెలల్లో నాలుగు నుంచి ఆరు వారాలు మిద్దె మీద వదిలెయ్. మన ఎండ కంటే మంచి మందు లేదు, అదీ ఉచితం.

మట్టి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మన చేని నల్లరేగడి ఈ కుండీల్లో వెయ్యకు. శనగకూ పత్తికీ అది బంగారం, జెముడుకు ఉరి. నీళ్లు పట్టి వదలదు, వేరు కుళ్లుతుంది, కుళ్లిన వాసనకు సన్నటి నల్ల ఈగలు చేరతాయి, వాటి పురుగులు లేత వేళ్లు కొరుకుతాయి. ఏటి ఇసుక, ఇటుక నలగ్గొట్టిన బెడ్డలు, బాగా మాగిన దిబ్బెరువు కలుపుకో. పచ్చి పేడ అసలు వద్దు. మట్టి పూర్తిగా ఎండాకే నీళ్లు పొయ్యి. ఈగలు వాటంతటవే పోతాయి, మందక్కర్లేదు.

పొలుసు పురుగు చూడ్డానికి పురుగులా ఉండదు. బూడిదరంగు తెలుపులో గుండ్రటి చిన్న చిన్న పెంకులు మొక్క చర్మానికి అంటుకుని ఉంటాయి, మధ్యలో గోధుమ చుక్క. మచ్చ అనుకుని వదిలేస్తే ఆర్నెల్లలో మొక్కంతా పొక్కులు. గోటితో గీరితే మచ్చ ఊడదు, పొలుసు ఊడుతుంది. బ్రష్షుతో గీరి, తర్వాత వేపనూనె. ఎర్రనల్లి అసలు కంటికే కనపడదు. మార్చి నుంచి జూన్ దాకా, వేడిగా పొడిగా ఉన్నప్పుడు దాని కాలం. మొక్క నెత్తిన, కొత్తగా పెరిగే చోట తుప్పు రంగు పొర తిరుగుతుంది, దగ్గరగా చూస్తే సన్నటి సాలెగూడు. సాయంత్రం నీళ్లు చిలకరిస్తుంటే తగ్గుతుంది. గంధకం పొడి కలిపి కొట్టమంటారు కొందరు. మన ఎండాకాలంలో గంధకం కొడితే పురుగు కంటే ముందు మొక్క కాలుతుంది, చల్లబడేదాకా ఆగాలి. తామర పురుగులు ఎక్కువగా పువ్వులోనే ఉంటాయి. 2021లో మిరప పూతను తిని తెలుగు రాష్ట్రాల రైతులను నిలువునా ముంచినవి ఆ జాతివే. జెముడు పువ్వులో కనిపిస్తే ఆ పువ్వు తుంచి సబ్బు నీళ్లలో వేస్తే చాలు.

పురుగు కానివాటిని కూడా పోల్చుకో తల్లీ, లేనిపోని మందులు పడకుండా ఉంటాయి. మొదలు దగ్గర మొదలై పైకి మెల్లగా పాకే గోధుమరంగు బెరడు ముసలితనం, రోగం కాదు. పడమటి వైపు మాత్రమే తెల్లగా పాలిపోతే ఎండదెబ్బ, నీడ వల కట్టు. కొన్ని జాతులకు పుట్టుకతోనే తెల్లటి ఉన్ని ఉంటుంది. ఆ ఉన్ని ప్రతి ముల్లు మొదట్లో ఒకే కొలతగా, వరసల్లో ఉంటుంది. పిండినల్లికి వరసలుండవు, కొన్ని చోట్ల ఉంటుంది, కొన్ని చోట్ల ఉండదు, వేలికి జిగురు తగులుతుంది.

గట్టి మందు అసలే వద్దా అక్కా అంటావేమో. నాలుగు వారాలు మనసు పెట్టి చేసినా లొంగని వేరు పిండినల్లికి ఇమిడాక్లోప్రిడ్ లీటరుకు 0.3 మిల్లీలీటర్లు చొప్పున మట్టిలో పోసేవాళ్లున్నారు. నేను ఇంట్లో మొక్కలకు దాన్ని వాడమనను. అది మొక్క ఒళ్లంతా పాకి పువ్వులోకి కూడా వెళుతుంది, ఏడాదికోసారి పూసే ఆ పువ్వు కోసం వచ్చే తేనెటీగను చంపుతుంది. అంతగా పాడైన మొక్కనుంచి శుభ్రంగా ఉన్న ఒక ముక్క కోసి, ఆరబెట్టి, కొత్తగా నాటుకోవడం మేలు. తినే పండు కాసే డ్రాగన్‌ఫ్రూట్‌కైతే ఇంకా జాగ్రత్త. అది కూడా కాక్టసే అని చాలామందికి తెలియదు. మన జిల్లాలో రైతులు రాతి స్తంభాలు పాతి పెంచుతున్నారు. దానికీ పిండినల్లి పడుతుంది, చీమలు మొగ్గలను కొరుకుతాయి. పందిరి కింద కలుపు లేకుండా చూసి, పురుగు పట్టిన కొమ్మలు కోసి, వేప మందులతోనే సరిపెట్టుకోవాలి.

చివరిగా, ఇది మిద్దె మీది కుండీలతో తీరే ముచ్చట కాదు. కరువు కాలాల్లో మన దక్కనులో జెముడు ముళ్లు మంట మీద కాల్చి మట్టలు పశువులకు వేసి ప్రాణాలు నిలిపారు. ఇప్పుడు ముళ్లే లేని జెముడు వచ్చింది. ఝాన్సీలోని పశుగ్రాస పరిశోధన సంస్థ, జోధ్‌పూర్ ఎడారి పరిశోధన సంస్థ దాన్ని మేతగా పెంచి చూశాయి. 2022 నుంచి కేంద్ర భూవనరుల శాఖ కూడా బీడు నేలల్లో దాన్ని నాటించే ఆలోచన ముందుకు తెస్తోంది. మన మెట్ట నేలకు అది రాకమానదు, రావాలి కూడా. కానీ మొరాకోలో ఏం జరిగిందో తెలుసా? అక్కడ నాగజెముడే పేదరైతుకు కంచె, మేత, అమ్ముకునే పండు. 2014లో కోచినీల్ కనిపించింది. కొన్నేళ్లలో ఊళ్లకు ఊళ్ల తోటలు తెల్లబడి కూలాయి. తట్టుకునే రకాలను వెతికి మళ్లీ నాటుకోవాల్సి వచ్చింది. ఆ పురుగు మనం 1926లో తెచ్చి వదిలిన జాతిదే. మన గట్ల మీద ఇంకా ఉంది.

ముళ్లులేని జెముడు నాటుకునే రోజు వస్తే, రోజూ మట్టలు కోసి గేదెకు వేసేది మనమే చెల్లీ. తెల్లచుక్క మొదట కనపడేది మన కంటికే. కాబట్టి ఇప్పట్నుంచే అలవాటు చేసుకో. చిదిమి చూడు. ఎరుపు వస్తే ఆ మట్టను సంచిలో కట్టి, ఊళ్లోని రైతు సేవా కేంద్రానికో, రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రానికో చూపించు. వాళ్లు చూసి తేల్చేదాకా నీ గట్టు మీది మట్ట ఒక్కటి కూడా ఇంకొకరికి నాటుకోమని ఇవ్వకు.